వీరగాథలూ – జమాఖర్చులూ

చరిత్రను రెండు విధాల చెడగొట్టవచ్చు. తేదీల పట్టికగా మార్చి చెడగొట్టవచ్చు. వీరుల కథగా మార్చీ చెడగొట్టవచ్చు. మొదటి పని మన పరీక్షల గైడ్లు చేస్తున్నవి. రెండవ పని మన కావ్యాలూ, నాటకాలూ, సినిమాలూ చేస్తూ వచ్చినవి. పైకి చూస్తే ఈ రెంటికీ పొంతన లేదు. ఒకటి ఎండుకట్టె, రెండవది ఉడుకునెత్తురు. అయినా రెంటిలోనూ లోపించింది ఒకటే. యుద్ధానికి ఖర్చు పెట్టినవాడెవడు, ఆ సొమ్ము ఎవరి కష్టంలోనుంచి వచ్చింది, తుదకు లాభం ఎవరి ఇంటికి చేరింది అనే ప్రశ్న రెంటిలోనూ లేదు. తెలుగువారి చరిత్రలో 1757వ సంవత్సరాన్నీ, ఆ సంవత్సరం మీద మనకున్న సాహిత్యాన్నీ ఎదురెదురుగా పెట్టి ఈ మాటను పరిశీలించడమే ఈ వ్యాసంలో నా ఉద్దేశం.

ముందు పట్టిక సంగతి. నేనుండేది విశాఖపట్నం ఆటోనగర్‌లో. ఇటు రేవు, అటు ఉక్కు కర్మాగారం. మధ్యన లారీ బాడీలు కట్టేవారు, లేత్ మీద నిలబడేవారు, వెల్డింగు చేసేవారు. వీరి పిల్లలు సర్కారు ఉద్యోగాల పరీక్షలకు చదువుతుంటారు. వారి చేతుల్లో ఉండే గైడ్లలో "ముఖ్య సంఘటనలు" అనే అధ్యాయం ఒకటి తప్పకుండా ఉంటుంది. 1453లో తురుష్కులు కాన్‌స్టాంటినోపిల్‌ను పట్టుకున్నారు. 1492లో కొలంబస్ అమెరికా దీవులు చేరాడు. 1498లో వాస్కో డ గామా కళ్ళికోటలో దిగాడు. 1600లో ఇంగ్లీషు కంపెనీ, 1602లో డచ్చి కంపెనీ పుట్టినవి. 1757లో ప్లాసీ, 1764లో బక్సారు. ఇందులో ఒక్కటీ అబద్ధం కాదు. అన్నీ కలిపి చదివినా ఒక్క నిజమూ తెలియదు. కొలంబస్‌కూ ప్లాసీకీ ఏం సంబంధమో, ప్లాసీకీ గాజువాకకూ ఏం సంబంధమో ఆ పట్టిక చెప్పదు. చదివిన కుర్రవాడికి మిగిలేది ఒకే భావం: చరిత్ర అనేది ఎక్కడో దూరాన, ఎవరో పెద్దవారికి జరిగే వ్యవహారం.

నిజానికి ఆ సంబంధం మన నేతగాడి మగ్గం మీదనే ఉన్నది. 1545 తర్వాత దక్షిణ అమెరికాలోని పొటోసీ గనులనుంచి వెండి ప్రవాహంలాగా యూరపుకు చేరింది. ఆ గనుల్లో అక్కడి ఆదివాసులను వెట్టికి దింపి తవ్వించారు. యూరపు వర్తకులకు ఆసియాలో అమ్మడానికి తగిన సరుకు లేదు. చేతిలో వెండి మాత్రం ఉన్నది. ఆ వెండితో కొనవలసిన సరుకుల్లో ముఖ్యమైనది మన తీరపు గుడ్డ. అందుకే డచ్చివారు 1605లోనే మచిలీపట్నంలో కొఠీ పెట్టుకున్నారు. ఇంగ్లీషువారు 1611లో వచ్చారు. మన గుడ్డ ఇస్తే తూర్పు దీవుల్లో సుగంధద్రవ్యాలు దొరికేవి. అదే గుడ్డ ఆఫ్రికా పడమటి తీరానికి పోయి బానిసల ఖరీదుగా మారేది. ఆ బానిసలు కరీబియన్ దీవుల చెరుకుతోటల్లో చచ్చేవరకూ పనిచేసేవారు. ఉత్తరాంధ్రలో నూటఇరవై పోగులను ఒక పుంజంగా లెక్కపెట్టి పడుగు వేసిన నేతగాడికి ఈ సంగతులేమీ తెలియవు. కాని గైడులోని 1492కూ, 1600కూ మధ్యనున్న ముడి అతని పుంజాల్లోనే పడింది. ఈ ముడి విప్పి చూపలేని పట్టికను చరిత్ర అనడానికి వీల్లేదు.

ఇంగ్లీషువారు విశాఖపట్నంలో కొఠీ పెట్టుకున్నది 1682 ప్రాంతంలో. అప్పటికి వారు రాజులు కారు. 1689లో, ఔరంగజేబుకూ కంపెనీకీ వైరం నడుస్తున్నప్పుడు, మొగలాయి సైన్యం ఈ కొఠీని పట్టుకొని అందులోని ఇంగ్లీషువారిని కొందరిని చంపింది. ఔరంగజేబుకు క్షమాపణ చెప్పుకొని, జుల్మానా చెల్లించి కంపెనీ మళ్ళీ వర్తకం సాగించుకున్నది. అటువంటి కంపెనీ వందేళ్ళు తిరగకుండా ఈ దేశానికి ఎలా ప్రభువైంది? దీనికి సమాధానం వారి ధైర్యంలోనూ లేదు, మనవారి పిరికితనంలోనూ లేదు. శిస్తు వసూలు హక్కు, ఆ శిస్తు వసూలు చేయడానికి కావలసిన సైన్యం, ఆ సైన్యానికి ఇవ్వవలసిన జీతం – ఈ మూడింటి చుట్టూ తిరిగిన కథ అది. ఆ కథ అన్నిటికన్నా స్పష్టంగా కనిపించే సంవత్సరం 1757.

ఆ సంవత్సరపు తేదీలు వరుసగా చూడండి. జనవరి 24న బొబ్బిలి కోట కూలింది. మార్చిలో బెంగాల్‌లోని ఫ్రెంచివారి చంద్రనగరాన్ని ఇంగ్లీషువారు పట్టుకున్నారు. జూన్ 23న ప్లాసీ. ఆ జూన్‌లోనే ఫ్రెంచి సేనాని బుస్సీ విశాఖపట్నంలోని ఇంగ్లీషు కొఠీని స్వాధీనం చేసుకున్నాడు. అంటే ఇంగ్లీషువారు బెంగాల్‌ను గెలుస్తున్న రోజుల్లోనే ఇక్కడ విశాఖను పోగొట్టుకున్నారన్నమాట. గైడులో ప్లాసీ ఒక్కటే ఉన్నది. మన సాహిత్యంలో బొబ్బిలి ఒక్కటే ఉన్నది. విశాఖ లొంగిపోవడం రెంటిలోనూ లేదు. ఇవి వేరువేరు సంఘటనలు కావు. 1756లో మొదలై 1763 దాకా యూరపు, అమెరికా, ఆసియాల్లో నడిచిన ఏడేళ్ళ యుద్ధం మన ముంగిట్లోకి వచ్చిన తీరు ఇది. కెనడాలోని క్వెబెక్ కోటకింద 1759లో తేలిన తగాదా ఏదో, అదే తగాదా గోదావరి జిల్లా పొలాల్లోనూ తేలింది.

బొబ్బిలి ఈ గొలుసులో ఎలా చేరింది? 1753లో నిజాం సలాబత్ జంగు శ్రీకాకుళం, రాజమహేంద్రవరం, ఏలూరు, ముస్తఫానగరం సర్కారులను ఫ్రెంచివారికి ధారపోశాడు. ఎందుకు? తనను గద్దెమీద నిలబెడుతున్న ఫ్రెంచి సైన్యానికి జీతాలివ్వలేక. సిపాయి జీతం కోసం నాలుగు సర్కారుల రైతులను తాకట్టు పెట్టాడని తాత్పర్యం. ఆ శిస్తు రాబట్టడానికి బుస్సీకి స్థానికుడైన బలవంతుడొకడు కావలసి వచ్చాడు. విజయనగరం పూసపాటి విజయరామరాజు ఆ పనికి కుదిరాడు. శిస్తు ఇజారా పుచ్చుకున్నాడు. ఇజారాదారుకు పక్కనే మరొక బలవంతుడు ఉండడం నష్టం. ఆ పక్కవాడు బొబ్బిలి రంగారావు. ఆనాటి యుద్ధాలను గ్రంథస్థం చేసిన ఇంగ్లీషు చరిత్రకారుడు రాబర్ట్ ఓర్మ్ ఈ ఇద్దరి వైరానికి చెప్పిన కారణాల్లో ఒకటి మన కావ్యాల్లో కనిపించదు. బొబ్బిలివైపునుంచి విజయనగరం పొలాలకు పారే వాగుల నీరు మళ్ళించుకోవడం గురించిన తగాదా అది. బొబ్బిలి వదిలి మరొకచోట జమీ తీసుకోమన్నారు, రంగారావు ఒప్పుకోలేదు. ఫిరంగులు వచ్చి మట్టికోట చుట్టూ నిలిచినవి. తర్వాత జరిగింది తెలుగువారందరికీ తెలుసు. కోటలోని ఆడవాళ్ళనూ పిల్లలనూ వారి మగవాళ్ళే చంపి ఇళ్ళకు నిప్పు పెట్టారు. రంగారావు పోరాడి చనిపోయాడు. కొద్దిరోజుల్లో తాండ్ర పాపారాయుడు విజయరామరాజును అతని గుడారంలోనే చంపి తానూ చనిపోయాడు.

ఇక సాహిత్యం సంగతి. దిట్టకవి నారాయణకవి 18వ శతాబ్ది చివర "రంగరాయ చరిత్రము" రాశాడు. దీని గొప్పతనం ఒప్పుకొని తీరాలి. కళ్ళముందు జరిగిన కథ కావ్యవస్తువుగా పనికిరాదని, పురాణంలోనుంచి తెచ్చుకోవలసిందేనని పండితులు నమ్మిన కాలం అది. అటువంటి కాలంలో ఒక తరం కిందటి నిన్నమొన్నటి యుద్ధాన్ని, ఫ్రెంచివారితో సహా, పద్యంలోకి తేవడం సామాన్యమైన తెగువ కాదు. కాని తెచ్చిన తర్వాత ఆ కవి దాన్ని పురాణపు అచ్చులోనే పోశాడు. రాజు రాజుతో తలపడ్డాడు. అహంకారం అభిమానంతో తలపడింది. శిస్తు లేదు, ఇజారా లేదు, వాగు లేదు.

జానపదుల బొబ్బిలి కథ ఇంకొక మెట్టు పైనిది. దాన్ని రాజులు పోషించలేదు. ఊరూరా తిరిగి పాడుకొని పొట్టపోసుకున్న గాయకులు బతికించారు. ఓడిపోయినవాడి పక్షాన నిలిచి, గెలిచినవాడి ముఖంమీద అన్యాయం అని చెప్పగలిగింది ఆ పాట. రెండు శతాబ్దాలపాటు తెల్లవాడి ఫిరంగిని తెలుగు పల్లె మరిచిపోకుండా చేసింది. ఈ మేలు తక్కువది కాదు. అయినా ఆ గాయకుడు తనవంటి పేదవాణ్ణి ఆ కథలో ఎక్కడ పెట్టాడని వెదికితే, దొరవెంట చనిపోయే బంటుగా మాత్రమే కనిపిస్తాడు. పాడినవాడు పేద, పాటలో పేదకు సొంత బతుకు లేదు. ఫ్యూడల్ సమాజం మన మీద సాధించిన పెద్ద విజయం ఇదే. తన దొర పరువే తన పరువని కూలివాడు నమ్మడం.

వేదం వేంకటరాయశాస్త్రిగారూ, శ్రీపాద కృష్ణమూర్తిశాస్త్రిగారూ ఈ కథను నాటకాలుగా రాశారు. 1964లో సి. సీతారాం దర్శకత్వంలో "బొబ్బిలి యుద్ధం" సినిమా వచ్చింది. ఎన్.టి. రామారావుగారు రంగారావు, ఎస్.వి. రంగారావుగారు పాపారాయుడు, భానుమతిగారు మల్లమ్మదేవి. 1986లో "తాండ్ర పాపారాయుడు" వచ్చింది. స్వాతంత్ర్యోద్యమం రోజుల్లో ఈ కథ తెల్లవాడిమీద కసిగా పనిచేసిందనడం నిజం. కాని స్వాతంత్ర్యం వచ్చిన తర్వాత తీసిన చిత్రాల్లోనూ విశ్లేషణ ఒక్క అడుగు ముందుకు పడలేదు. చెడు అంతా విజయరామరాజు అసూయలోనూ, బుస్సీ దివాను హైదర్ జంగు దురాశలోనూ పెట్టి చేతులు దులుపుకున్నారు. దుర్మార్గుడు ఒకడు దొరికితే వ్యవస్థ తప్పించుకుంటుంది. మన చారిత్రక నాటకాలన్నిటికీ పట్టిన జబ్బే ఇది.

ఆడవాళ్ళ విషయం ప్రత్యేకంగా చెప్పాలి. కోటలోని స్త్రీల చావును మన కవులందరూ మానరక్షణ అన్నారు. మల్లమ్మదేవికి ఈ కథల్లో మాట ఉన్నది. ఆ కోటలో వడ్లు దంచిన ఆడదానికి, నీళ్ళు మోసిన ఆడదానికి మాట లేదు. వారిలో ఎవరికైనా బతకాలని ఉన్నదేమో అడిగిన కవి లేడు. భర్త కత్తికి మెడ వంచడమే గొప్పగా చెప్పి, ఆ కత్తిని ఎవరు ఎత్తవలసి వచ్చింది, ఎందుకు ఎత్తవలసి వచ్చింది అని అడగకపోవడం కరుణరసం అనిపించుకోదు. అది కరుణ కరువు కావడం.

ఈ వీరగాథ నేటికీ నిరపాయకరం కాదని నాకు తెలుసు. మా ఆటోనగర్‌లో ఒకే షెడ్డులో పనిచేసే ఇద్దరు కార్మికులు, ఒకడు బొబ్బిలివైపువాడు, ఒకడు విజయనగరంవైపువాడు, ఆ యుద్ధంలో తప్పు ఎవరిదని మాటామాటా అనుకొని రెండు రోజులు పలకరించుకోకుండా ఉండడం చూశాను. ఇద్దరి తాతలకూ సెంటు భూమి ఉన్న జాడ లేదు. ఏ కోటలోనూ వారి పెద్దలకు పీటవేసి కూచోబెట్టినవారు లేరు. రెండు జమీందారీ కుటుంబాల కక్షను రెండు కులాల కక్షగా, రెండు ఊళ్ళ కక్షగా మార్చి, దాన్ని పనిచేసుకునేవాడి నెత్తిన పెట్టింది మన సాహిత్యమే. ఆ వాగు నీటికోసం నిజంగా ఏడ్చిన రైతు బొబ్బిలివైపూ ఉన్నాడు, విజయనగరంవైపూ ఉన్నాడు. ఆ ఇద్దరు రైతులనూ ఒకే పాటలో చూపించి ఉంటే ఈ ఇద్దరు కార్మికులకు పోట్లాడుకునే పని ఉండేది కాదు.

బొబ్బిలి తర్వాత జరిగిన కథే ఈ విమర్శకు అసలైన సాక్ష్యం. విజయరామరాజు చనిపోగా వచ్చిన ఆనందరాజు, బుస్సీ తనకు చేసిన ఏర్పాట్లు నచ్చక ఫ్రెంచివారికి ఎదురు తిరిగాడు. 1758లో విశాఖను పట్టుకొని ఇంగ్లీషువారికి కబురు పెట్టాడు. మద్రాసు సాయం చేయలేకపోయింది. బెంగాల్‌నుంచి క్లైవు కర్నల్ ఫోర్డ్‌ను ఓడలమీద పంపాడు. ప్లాసీ చేజిక్కించిన బెంగాల్ బలం ఆ అక్టోబరులో విశాఖ ఒడ్డున దిగింది. ఆనాడు విశాఖకు లోపలి రేవు లేదు. అది వచ్చింది 1933లో. ఓడలు నడిసముద్రంలో లంగరు వేస్తే సరుకైనా, సిపాయి అయినా, ఫిరంగి అయినా జాలర్ల పడవల్లో కెరటాలు దాటి ఒడ్డు చేరవలసిందే. ఈ తీరపు చరిత్రలో ఒక కొత్త ప్రభుత్వాన్ని ఒడ్డుకు చేర్చిన ఆ తెడ్లు ఏ కావ్యంలోనూ లేవు.

1758 డిసెంబరు 7న నేటి కాకినాడ జిల్లాలోని చందుర్తి దగ్గర ఫోర్డ్ ఫ్రెంచివారిని ఓడించాడు. బుస్సీని అంతకుముందే ఫ్రెంచి గవర్నరు లాలీ దక్షిణానికి పిలిపించుకున్నాడు. 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం కోట పడింది. ఆ ముట్టడికి ముందు ఫోర్డ్ దగ్గరి తెల్లసైనికులే డబ్బు ముట్టలేదని ఆయుధాలు పట్టుకొని అలిగి నిలబడ్డారు. ఇస్తానన్న సొమ్ము ఆనందరాజు ఇవ్వక తాత్సారం చేశాడు. వీరగాథ రాయబోయే కవికి ఇది రసాభాస. చరిత్ర రాసేవాడికి ఇదే కీలకం. జీతం లేకపోతే సామ్రాజ్యమైనా ఒక అడుగు కదలదని ఇంతకన్నా చక్కగా చెప్పే దృశ్యం ఏమున్నది?

తరువాతి మెట్లు పట్టికలోలాగే చెప్పవచ్చు గాని, ఈసారి వాటి మధ్య ముడి కనిపిస్తుంది. 1765లో మొగలు చక్రవర్తి షా ఆలం చేత క్లైవు సర్కారులకు ఫర్మానా పుట్టించుకున్నాడు. 1766లో నిజాం అలీతో సంధి కుదిరి, సాలుసరి సొమ్ము చెల్లించే షరతుమీద సర్కారులు కంపెనీవశమైనవి. అంతకుముందు కంపెనీవారు గుడ్డ కొనాలంటే సముద్రం దాటించి వెండి తేవలసి వచ్చేది. శిస్తు చేతికి వచ్చిన తర్వాత ఆ అవసరం తగ్గింది. రైతు దగ్గర శిస్తు వసూలుచేసి, ఆ సొమ్ములోనుంచే నేతగాడికి బయానా ఇచ్చి గుడ్డ కొని ఓడ ఎక్కించవచ్చు. దేశం డబ్బుతోనే దేశం సరుకు కొని దేశం దాటించడం అన్నమాట. ఈ ఒక్క మార్పు ముందు పది యుద్ధాలు చిన్నబోతాయి. దాని మీద మనకు ఒక్క పద్యం లేదు.

గెలిచిన విజయనగరం ఏమైంది? 1794 జులై 10న, పేష్కషు బకాయిల వ్యవహారం ముదిరి, పద్మనాభం దగ్గర కంపెనీ సైన్యం చిన విజయరామరాజును చంపింది. బొబ్బిలిమీదికి తెల్లవాడి ఫిరంగిని తెచ్చిన వంశం ముప్ఫైయేడేళ్ళకు తెల్లవాడి తుపాకికే బలి అయింది. 1802లో శాశ్వత పైసలా వచ్చింది. బొబ్బిలీ, విజయనగరం రెండూ కంపెనీకి నిర్ణీత పేష్కషు కట్టే జమీలై పక్కపక్కన కూచున్నవి. రాజుల కక్ష ఆ చిట్టాలో చల్లారింది. రైతు బాధ చల్లారలేదు. దానికి కొత్త పద్దు తెరిచారు.

ఈ కాలపు సాహిత్యంలో నిజమైన సమకాలీన వేదన వినిపించే రచన ఒకటి ఉన్నది. గోగులపాటి కూర్మనాథకవి "సింహాద్రి నారసింహ శతకం". సైన్యాలు ఊళ్ళు దోచుకుంటుంటే కొండమీద కూచొని చూస్తున్నావా అని దేవుణ్ణి కడిగిపెట్టిన శతకం అది. దేవుణ్ణి నిందించేదాకా వచ్చిన కవి గొంతులో ఊరి ఏడుపు ఉన్నది. అయితే కవి ఆ సైన్యాలను యవన సైన్యాలుగానే చూశాడు. నేడు దాన్ని రెండు మతాల యుద్ధంగా చదివేవారు లేకపోలేదు. అది పొరపాటు. ఆ దశాబ్దాల సైన్యాల్లో తురకలున్నారు, తెలుగువారున్నారు, మరాఠాలున్నారు, ఫ్రెంచివారున్నారు. బొబ్బిలిని ముట్టడించినవారిలో విజయనగరం బంట్లు వేలమంది. దోపిడీకి మతం లేదు. జీతం అందని సైన్యానికి అంతకన్నా లేదు. కవి వేదన నిజం. కవి చెప్పిన కారణం అసంపూర్ణం. విమర్శకుడి పని ఈ రెంటినీ వేరుచేసి చూపడం.

ఇంతకన్నా పెద్ద మౌనం ఒకటి ఉన్నది. 1780 అక్టోబరు 3న విశాఖపట్నంలో కంపెనీ సిపాయిలు తిరగబడ్డారు. హైదర్ అలీ కర్నాటకం మీద విరుచుకుపడి, సెప్టెంబరులో పొల్లిలూరు దగ్గర ఇంగ్లీషు దళాన్ని నాశనం చేశాడు. ఆ యుద్ధానికి వీరిని ఓడలో మద్రాసు పంపబోయారు. ఎక్కబోమన్నారు. తుపాకులు ఎదురు తిరిగినవి. ఇంగ్లీషువారు కొందరు చనిపోయారు. కొద్దిరోజుల్లో ఆ తిరుగుబాటు అణగిపోయింది. 1857కు ఇది డెబ్బైయేడేళ్ళు ముందు. వీరిని మచ్చలేని వీరులుగా దిద్దమని నేననడం లేదు. అప్పటిదాకా కంపెనీ శిస్తుకు కాపలా కాసిన చేతులు అవే. కాని జీతానికి అమ్ముకున్న చేయి ఒకరోజు నేను రానని అనడంలో ఉన్న నాటకం, రాజు రాజును పొడవడంలో ఉన్నదా? బొబ్బిలికి పాట, కావ్యం, రెండు నాటకాలు, రెండు సినిమాలు ఉన్నవి. విశాఖ సిపాయికి నా ఎరుకలో ఒక్క కథ లేదు. కారణం స్పష్టమే. అతని వెనుక కోట లేదు, వంశం లేదు, కవికి కట్నమిచ్చే వారసుడు లేడు.

నేతగాళ్ళ సంగతీ అంతే. కంపెనీ గుమాస్తాలు బలవంతాన బయానాలు అంటగట్టి, ధర తగ్గించి, వేరెవరికీ అమ్మకూడదని కట్టడి చేసినప్పుడు ఉత్తర సర్కారుల నేతగాళ్ళు ఊళ్ళకు ఊళ్ళు మగ్గాలు ఆపిన సందర్భాలున్నవి. 1813లో ఇండియా వర్తకం మీద కంపెనీ గుత్తాధికారం పోయిన తర్వాత మిల్లుగుడ్డ వచ్చిపడి ఆ మగ్గాలు మరొక విధంగా ఆగిపోయినవి. మగ్గం ఆపడం మొదటిసారి ఆయుధం, రెండవసారి చావు. ఈ రెండు నిశ్శబ్దాలకూ తేడా చెప్పగల నవల మనకు ఇంకా రావలసి ఉన్నది.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చు. సాహిత్యం చిట్టా ఆవర్జా కాదు, శిస్తులెక్కలతో రసం పుట్టదు అని. లెక్కను లెక్కగా రాస్తే పుట్టదు, నిజమే. కాని వాగుకు అడ్డంగా రాత్రివేళ గట్టువేస్తున్న రైతూ, తెల్లవారి ఎండిన మడి చూసుకున్న రైతూ, ఆ ఇద్దరి తగాదా ఇజారాదారు చేతిలో ఫిరంగిగా మారడం – ఇందులో రసం లేదంటే రసమన్న మాటకే అర్థం మార్చుకోవాలి. మన సంప్రదాయంలోనే దీనికి దారి చూపినవారున్నారు. ఏనుగుల వీరాస్వామయ్య 1830లో మద్రాసునుంచి కాశీకి బయలుదేరి, 1831లో ఈ తీరం మీదుగానే తిరిగి వచ్చాడు. ఆయన తన యాత్రాచరిత్రలో ఊళ్ళలో ఏం దొరికేదో, దారులెట్లా ఉండేవో, జనం ఎలా బతికేవారో రాసిపెట్టాడు. ఏ కోట పతనం కన్నా ఆ వాక్యాలు నేడు మనకు ఎక్కువ చరిత్ర చెబుతున్నవి. గురజాడ విజయనగర సంస్థానంలోనే ఉద్యోగం చేశాడు. పూసపాటివారి పరాక్రమం రాయడానికి ఆయనకున్న సదుపాయం మరెవరికీ లేదు. కాని 1897లో అచ్చువేసి, 1909లో తిరగరాసిన "కన్యాశుల్కం"లో ఆయన చూపింది గిరీశాన్నీ, మధురవాణినీ, అమ్ముడుపోయే ఆడపిల్లలనూ. విశాఖలో పుట్టిన శ్రీశ్రీ "దేశచరిత్రలు" గీతంలో రాజుల కథలను పక్కకు నెట్టి, చరిత్రలో పేరులేని సామాన్యుడి సంగతి అడిగాడు. ఆ గీతాన్ని మనం సభల్లో ఎన్నోసార్లు చదివాం. దానిలోని ప్రశ్నను మన ఊరి చరిత్రకు మాత్రం వేయలేదు. పిరమిడ్లదాకా పోయిన మన సానుభూతి పెదవాల్తేరు జాలరిదాకా రాలేదు.

ఇది పాతకాలానికి పరిమితమైన లోపం అనుకుంటే సరిపోదు. 1966లో విశాఖ ఉక్కు కోసం జరిగిన ఉద్యమంలో 32 మంది ప్రాణాలు పోగొట్టుకున్నారు. నిరాహారదీక్ష చేసిన అమృతరావుగారి పేరు అందరికీ తెలుసు, తెలియవలసిందే. కాని ఆ ముప్ఫైరెండుమందిలో అయిదుగురి పేర్లు చెప్పగలవారు ఆ కర్మాగారం నీడలో బతికే మా ఆటోనగర్‌లోనైనా అరుదు. బొబ్బిలినుంచి ఉక్కుదాకా మన జ్ఞాపకం ఒకే పద్ధతిలో పనిచేస్తున్నది. నాయకుడు మిగులుతాడు, అంకె మిగులుతుంది, మనిషి జారిపోతాడు.

కాబట్టి నేను కోరేది బొబ్బిలి పాటను మాన్పించమని కాదు. ఆ పాట ఉండవలసిందే. దాని పక్కన మరికొన్ని పాటలు కావాలి. 1757ను రాసేవాడు ప్లాసీనీ, బొబ్బిలినీ, విశాఖ కొఠీనీ ఒకే కథలో పట్టుకోవాలి. చరిత్ర చదవడం మానేసి వీరావేశంతో పని జరుపుకునే అలవాటు మన రచయితలు వదులుకోవాలి. ఓర్మ్ వంటివారి రాతలు కంపెనీ పక్షపాతంతో రాసినవే. అయినా వాటిలో పడ్డ వాగునీటి మాట వంటి ఒక్కొక్క చిన్నమాటను ఏరుకొని, మన పల్లెలో మిగిలిన పాటతో, సామెతతో సరిచూసుకోవాలి. ఇది ఎవరో ఒక్కరు చేయగల పని కాదు. జిల్లాకొకరైనా ఈ పనికి పూనుకోవాలి.

1780 అక్టోబరు 3న ఓడ ఎక్కనన్న సిపాయిమీద యువరచయిత ఎవరైనా ఒక నాటకం రాస్తే, దాన్ని ఆడించడానికి పెద్ద రంగస్థలం అక్కరలేదు. లారీ బాడీలు కట్టే ఖాళీ జాగా ఒకటి చాలు. చూడడానికి వచ్చేవారికి సముద్రం ఎలా ఉంటుందో, జీతం బకాయి పడితే ఎలా ఉంటుందో కొత్తగా చెప్పనక్కరలేదు.